పిల్లి ఎదురొచ్చిన ఆదివారం

ఆ ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి నంద్యాలలో మా ఇంట్లో ఉన్నవాళ్ళు: అమ్మ, నాయన, నేను, ఆళ్ళగడ్డ మామ, ఆయన లారీ డ్రైవరు, ఆయన దగ్గర రాతిపని చేసే ఒకతను. మొత్తం ఆరుగురు. వెనక సందులో, పెరటి గేటుకు ఆనించి, మామ మినీ లారీ. అందులో అడుగు మందాన వరిగడ్డి, నాలుగు గోనెసంచులు, ఒక మోకు. వంటింట్లో కోడికూర, జొన్నరొట్టెలు, పప్పు. పెరట్లో మెట్ల కింద, మిగిలిపోయిన సిమెంటు బస్తాల వెనక, పదహారు రోజుల పిల్లిపిల్లలు మూడు. వాటి తల్లి కూడా ఇంట్లోనే ఉంది గానీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. బంధువులు వచ్చినప్పుడు దాని సంగతి ఎప్పుడూ అంతే.

మామ అంటే నాయన పెద్దక్క భర్త. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కన షెడ్డు వేసుకుని దేవుళ్ళ విగ్రహాలు చెక్కుతాడు. ఆ పొద్దున పాములపాడు దగ్గర ఒక ఊళ్ళో విగ్రహం దింపి, ఖాళీ లారీతో తిరిగి పోతూ భోజనానికి ఆగాడు. దారిలో రాయికి దెబ్బ తగలకుండా లారీలో గడ్డి పరుస్తారు. పని అయిపోయాక ఆ గడ్డి పారేయరు, మరుసటి విగ్రహానికి అదే వాడతారు. ఈ సంగతి తింటూ ఆయనే చెప్పాడు.

"బేగా పోవాలప్పా. షెడ్డుకాడ ఇంగొకటి మోకులు కట్టి పెట్టిండారు. ఆంజనేయస్వామి. ఆరునూర్ల కేజీలు. బండి పోతానే ఎక్కియ్యాల. పొద్దు గూకే లోపల అవుకు ఊరు చేరాల."

"కాసేపు ఒరుగు బావా," అన్నాడు నాయన.

"నేను ఒరిగితే రాయి లేస్తాదా?" అని మామ నా వైపు తిరిగాడు. "ఏమిరా అల్లుడా, మీకు పిల్లి ఉండాదంటారు. మూడేండ్లాయ, నేనొక్కనాడన్నా సూడ్లా. పిల్లి పేరు చెప్పి పాలన్నీ నువ్వే తాగుతాండావేమో."

డ్రైవరు నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. "పిల్లల్ని పెట్టిండాదన్నా. మూడు. ఇప్పటికే మూడు చోట్ల మార్చినాది. పిల్లి పిల్లల్ని ఏడిండ్లు తిప్పుతాది కదా."

పిల్లి ఏడిళ్ళు తిప్పడం అందరూ అనే మాటే. నేను దాన్ని లెక్కపెడుతున్నాను. మొదటి చోటు పాత కూలరు డబ్బా. రెండోది నాయన మంచం కింద ట్రంకుపెట్టె వెనక. మూడోది మెట్ల కింద.

లెక్కపెట్టడం నా అలవాటు. సిమెంటు ఫ్యాక్టరీలో కొలత పరికరాలు సరిచూడటం నా పని. ఏ మీటరు తప్పు చూపించినా ముందు కాగితం మీద కారణాలు వరసగా రాసుకుంటాను. ఈ పిల్లి బంధువులను చూస్తే ఎందుకు దాక్కుంటుందో కూడా అట్లాగే రాసుకున్నాను. నోట్‌బుక్‌లో ఒక పేజీ దానికే.

మొదటి కారణం, అది పుట్టింది రైసుమిల్లు వెనక. రెండు నెలల వయసు దాకా దాన్ని ఏ మనిషీ తాకలేదు. పట్టుకోవడం కూడా గోనెసంచిలో పట్టుకున్నాం. పశువుల డాక్టరును అడిగితే, కళ్ళు తెరిచిన కొత్తల్లో మనుషుల చేతులు తగలని పిల్లులు చాలావరకు అట్లాగే ఉండిపోతాయని చెప్పాడు. రెండో కారణం, వచ్చినవాళ్ళ గొంతులు పెద్దవి, కుర్చీలు లాగుతారు. మూడోది, చెప్పుల మీద వేరే ఊరి వాసన, వేరే కుక్కల వాసన. నాలుగోది, పిల్లి కనపడగానే అందరూ దాని కళ్ళలోకి చూసి చెయ్యి చాపుతారు. పిల్లికి అది దాడి కిందే లెక్క.

ఐదో గీత ఖాళీగా వదిలాను. నాలుగు కారణాలతో లెక్క సరిపోలేదు. గ్యాస్ సిలిండరు తెచ్చేతని గొంతు మామ గొంతు కన్నా పెద్దది. అతను ధనామని సిలిండరు దింపుతాడు. అయినా పిల్లి గోడ మీద కూర్చుని అతన్నే చూస్తూ ఉంటుంది. అదే, ఇంటికి చుట్టాలు వస్తారనగా, వాళ్ళింకా వీధి మొదట్లో కూడా లేనప్పుడే, అమ్మ పై అరలోంచి గాజు గ్లాసులు దింపిన చప్పుడుకే మాయమవుతుంది. ఈ తేడా ఎందుకో నాకు అంతుపట్టలేదు.

రెండూ పదికి మామ లేచాడు. లారీ వెనక సందులో ఉంది కాబట్టి పెరటి దారినే బయలుదేరారు. రాతిపని అతను ముందుగా వెళ్ళి లారీ వెనక తలుపు ఎత్తి గొళ్ళెం వేశాడు. డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. మామ చెప్పులు వేసుకుని గడప దాటాడు.

అప్పుడు మెట్ల కింది నుంచి పిల్లి వచ్చింది. సరిగ్గా మామ కాళ్ళ ముందు నుంచి అడ్డంగా గేటు వైపు పరిగెత్తింది.

"థూ," అని మామ ఆగిపోయాడు. అమ్మ పక్కనే ఉన్న చీపురు తీసి విసిరింది. అది పిల్లి నడుము మీద తగిలింది. పిల్లి మెట్ల కిందికి దూరింది. అర నిమిషం కూడా కాలేదు, ఇంకో వైపు నుంచి మళ్ళీ వచ్చింది, మళ్ళీ అడ్డంగానే, మళ్ళీ గేటు వైపే.

"పట్టుకోరా దాన్ని!" అని అమ్మ అరిచింది.

పట్టుకున్నాను. మూడేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా గీరని పిల్లి, ఎడమ మణికట్టు మీద మూడు గీతలు గీసింది. దాన్ని తీసుకుపోయి బాత్‌రూములో వేసి బయట గొళ్ళెం పెట్టాను.

"కూచో అన్నా, నీళ్ళు తాగి పో," అంది అమ్మ. చుట్టాలు బయలుదేరేటప్పుడు పిల్లి అడ్డం వస్తే మళ్ళీ ఇంట్లోకి వచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి లేవాలి. మామ లోపలికి వచ్చాడు. డ్రైవరు ఇంజను ఆపాడు. చేతిలో ఉన్న ఫోను ఫ్రిజ్ మీద పెట్టి మామ కూర్చున్నాడు, గ్లాసెడు నీళ్ళు తాగాడు.

"మూడేండ్లకి కనపడి, కనపడినాక ఇట్ల కనపడె," అన్నాడు. నవ్వాలని చూశాడు గానీ నవ్వు రాలేదు. రాయి పనివాడు. ఆరు వందల కిలోలు ఎత్తబోయే రోజు శకునం ఆయనకు చిన్న విషయం కాదు.

రెండూ ఇరవై అయిదుకు లారీ కదిలింది.

తర్వాత అమ్మ గిన్నెలు తోమడానికి వేసింది, నాయన పడుకున్నాడు. నేను చేతికి డెట్టాల్ రాసుకున్నాను. బాత్‌రూము లోపల పిల్లి అరుస్తూనే ఉంది. అది మామూలు అరుపు కాదని తెలిసింది, కానీ కోపం వచ్చిందనుకున్నాను. రెండూ యాభైకి గొళ్ళెం తీశాను. అది నా వైపు చూడలేదు. తిన్నగా గేటు దగ్గరికి పోయి, కమ్మీల మధ్యనుంచి సందులోకి దూకి, లారీ ఆగిన చోట నేలను వాసన చూసింది. మట్టి మీద రాలిన రెండు గడ్డిపోచలను వాసన చూసింది. అక్కడే తిరుగుతూ లోగొంతుతో పిలుస్తోంది. పిల్లలకు పాలు ఇచ్చే ముందు పిలిచే పిలుపు అది.

మెట్ల కిందికి వంగి టార్చి వేశాను. సిమెంటు బస్తాల వెనక ఒకటి ఉంది. మూడు ఉండాల్సిన చోట ఒకటి.

అక్కడే కూర్చుండిపోయాను. వరస మొత్తం నాకు అర్థమైంది. ఇంట్లో కొత్త గొంతులు వినపడ్డాయి. అందరూ ముందు గదిలో తింటున్నారు. పెరటి వైపు మనిషి లేడు. అక్కడ ఒక పెద్ద పెట్టె, తలుపు తెరిచి, మెత్తటి గడ్డి. దానికి నాలుగో ఇల్లు దొరికింది. ఒకదాన్ని తీసుకెళ్ళింది, రెండోదాన్ని తీసుకెళ్ళింది. మూడోదాని కోసం తిరిగి వచ్చిన సమయంలో లారీ తలుపు మూసుకుంది, ఇంజను మోగింది. చుట్టాలను చూస్తే మాయమయ్యే పిల్లి, మామ కాళ్ళ ముందు నుంచి లారీ వైపు పరిగెత్తింది. మేము దాన్ని శకునం అనుకున్నాం.

మామకు ఫోను చేశాను. మా వంటింట్లోనే మోగింది. ఫ్రిజ్ మీద.

డ్రైవరు నంబరు మా దగ్గర లేదు. నాయన లేచి వచ్చాడు. "బావ షెడ్డుకి పోతానే ఎక్కిస్తాననె గదరా," అన్నాడు. ఆ మాట నా తలలో అప్పటికే తిరుగుతోంది. అడుగు మందం గడ్డి, దాని మీద ఆరు వందల కిలోలు. నడవడం కూడా రాని పిల్లలు పక్కకు జరగలేవు.

అత్తకు ఫోను చేశాను. ఆళ్ళగడ్డలో వాళ్ళ ఇల్లు షెడ్డుకు కిలోమీటరున్నర దూరం. లైను తెగి తెగి వస్తోంది.

"అత్తా, మామ బండి వచ్చిందా?"

"రాలే. యాడుండాడో. ఫోన్ గుడక ఎత్తడంల్యా ఆయప్ప."

"ఫోన్ ఈడనే మర్చిపోయినాడు. అత్తా, ఇను. మా పిల్లి పిల్లలు రెండు బండిలో గడ్డి కింద ఉండాయి. బండి వస్తే ఏమీ ఎక్కియ్యద్దని చెప్పు. నేను వస్తాండా."

"ఏందీ? ఎవురు?"

"పిల్లలు, అత్తా! గడ్డి కింద! రాయి ఎక్కియ్యద్దను!"

"అయ్యో నాయనా!" అని ఆమె గట్టిగా అరిచింది. ఫోను తెగింది. మళ్ళీ చేస్తే మోగుతోంది గానీ ఎత్తలేదు. నాలుగుసార్లు చేశాను. అత్తకు పిల్లులంటే ఇష్టం లేదు. పిల్లిపిల్లల కోసం అంతగా అరిచిందంటే నాకు వింతగానే అనిపించింది, కానీ ఆలోచించడానికి టైం లేదు.

మూడూ ఐదుకు నాయన బండి తీశాను.

"పిల్లిపిల్లల కోసం నలభై కిలోమీటర్లా?" అన్నాడు నాయన. మళ్ళీ తనే, "హెల్మెట్ పెట్టుకో," అన్నాడు.

అమ్మ మిగిలిన ఒక్క పిల్లను చీర కొంగులో పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. తల్లి పిల్లి ఆమె కాళ్ళ దగ్గరే సందు వైపు చూస్తోంది. చీపురు ఇంకా పెరట్లో విసిరిన చోటే పడి ఉంది.

దారిలో నేను చేసిన లెక్కలు: లారీ నాకన్నా నలభై నిమిషాలు ముందు. దాని వేగం గంటకు నలభై అనుకుంటే మూడూ ఇరవై అయిదుకు షెడ్డు చేరుతుంది. నేనూ అదే వేగంలో పోతే నాలుగు దాటుతుంది. మధ్యలో అరగంటకు పైగా తేడా. అరవైలో పోయినా అది ఇరవై నిమిషాల కన్నా తగ్గదు. శిరివెళ్ళ మెట్ట దగ్గర ఆగి అత్తకు మళ్ళీ ఫోను చేశాను. ఎత్తలేదు. రోడ్డుకు రెండు వైపులా కోసిన పప్పుశనగ కుప్పలు. ట్రాక్టరు వెనక ఇరుక్కుని రెండు నిమిషాలు పోయాయి.

ఆ ట్రాక్టరు వెనకే ఐదో కారణం తట్టింది. అది నేను వెతుకుతున్నప్పుడు రాలేదు, వద్దనుకున్నప్పుడు వచ్చింది. గ్యాస్ అతను బయలుదేరేటప్పుడు మేము పిల్లిని పట్టుకోము. అతను వెళ్ళడం ప్రయాణం కాదు, అతనికి శకునం అక్కర్లేదు. చుట్టాలు లేచే ముందు మాత్రం, ఎక్కడ అడ్డం వస్తుందో అని, దాన్ని వెతికి పట్టుకుని బాత్‌రూములో వేసి గొళ్ళెం పెడతాం. చిన్నప్పటి నుంచి. ఆ రోజు మాత్రం పాలిచ్చే తల్లి కదా అని వెతకలేదు. మొదట్లో అది చుట్టాల గొంతులు వినపడ్డాకే దాక్కునేది, గ్లాసుల చప్పుడుకు కాదు. గాజు గ్లాసులు దిగాయంటే చివర్లో గొళ్ళెం పడుతుందని దానికి నేర్పింది ఎవరో చుట్టం కాదు. పట్టుకునే పని ఎక్కువసార్లు నాదే.

మణికట్టు మండుతోంది.

ఆళ్ళగడ్డ రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు వస్తాయంటే ముందు చెవులకు తెలుస్తుంది. రాయి కోసే మిషన్ల చప్పుడు ఆదివారం కూడా ఆగదు. నాలుగూ ఎనిమిదికి నేను చేరేసరికి మామ షెడ్డులో చప్పుడు లేదు. పక్క షెడ్డులో కూడా లేదు. జనం గుంపుగా నిలబడి ఉన్నారు. గొలుసుకప్పీకి వేలాడుతూ ఆంజనేయస్వామి నేలకు ఐదడుగుల ఎత్తులో ఆగి ఉన్నాడు. లారీని ముందుకు జరిపారు. ఇద్దరు మనుషులు అందులో ఎక్కి గడ్డిని చేతులతో తోడి కిందికి విసురుతున్నారు.

ఇంటి నుంచి పరిగెత్తుకొచ్చి పని ఆపించిన అత్త చెప్పులు లేకుండా నిలబడి ఏడుస్తోంది. నన్ను చూడగానే వచ్చి చొక్కా పట్టుకుంది. "ఎవురి పిల్లలు రా? పక్కింటోళ్ళ పిల్లలా? ఎంత వయసు?"

మామ ముఖాన రాతిపొడి మీద చెమట చారలు. "గడ్డంతా ఎతికితిమి. లేరు. దారిలో యాడన్నా దూకిండారా? చెప్పు రా!"

అప్పుడు అర్థమైంది. ఫోనులో నా మొదటి పదం ఆమెకు అందలేదు. రెండోది మాత్రమే అందింది.

"పిల్లి పిల్లలు, మామా," అన్నాను.

అత్త ఏడుపు ఆగింది.

"పిల్లి..." అన్నాడు మామ.

"పిల్లలు," అన్నాను.

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో, "పొయ్యి మిషన్ ఏసుకోండ్రా," అన్నారు. అత్త నా చొక్కా వదిలి నేల మీద కూర్చుంది. "నీ యవ్వారం పాడుగాను. పిల్లి అని ముందు చెప్పకూడదా రా? నా పానం పోయిండేది గదరా!"

"చెప్పినా అత్తా. లైన్ తెగె."

మామ నన్ను కొడతాడనుకున్నాను. ఆయన వేలాడుతున్న విగ్రహం వైపు చూశాడు. తర్వాత లారీలో గడ్డి తోడుతున్న ఇద్దరి వైపు చూసి, "ఒరే, ఆగండ్రా! కాళ్ళు కదపద్దు. ఉన్నచోటనే ఉండండి," అన్నాడు.

అప్పుడు నాకు కొత్త భయం మొదలైంది. వాళ్ళు వెతికింది మనుషుల పిల్లలను. అరచేతి అంత పిల్లలు వాళ్ళ చేతులకు తగిలినా గడ్డి అనుకునే ఉంటారు. సగం గడ్డి కింద కుప్పగా పడి ఉంది. దాని మీద జనం తిరిగారు.

మామ లారీ ఎక్కి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఉలి పట్టే చేత్తో గడ్డిని పోచపోచగా పక్కకు తీశాడు. క్యాబిను వెనక మూలలో, ఎడమ వైపు, ఒకటి దొరికింది. కళ్ళు మూసుకుని, మూతి తెరిచి, చప్పుడు లేకుండా అరుస్తోంది. నా చేతిలో పెట్టాడు. వెచ్చగా ఉంది.

రెండోది లారీలో లేదు. మూలలన్నీ చూశాం. ఇక మిగిలింది కింద పడిన కుప్ప. దాన్ని నేనూ, మామతో మా ఇంటికి వచ్చిన రాతిపని అతనూ రెండు పక్కల నుంచి విప్పుకుంటూ వచ్చాం. మిషన్ వేయబోయిన వాళ్ళను మామ ఆపించాడు. ఏమైనా అరిస్తే వినపడాలని. పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాల్లో నేను గడ్డి తప్ప ఏమీ చూడలేదు. ప్రతి పిడికెడు తీసేటప్పుడు వేళ్ళకు తడి తగులుతుందేమో అని భయం.

"ఈడ ఏమో ఉండాది," అంది అత్త. ఆమె కూర్చున్న చోటికి జానెడు దూరంలో, లారీలోంచి విసిరిన గోనెసంచి మడత కొద్దిగా కదులుతోంది. పిల్లులంటే ఇష్టం లేని మనిషి, మడత విప్పి, రెండు వేళ్ళతో మెడ పట్టి ఎత్తింది. దాని ముక్కు మీద రాతిపొడి. తుమ్మింది.

మామ లారీ అంచు మీద కూర్చుని బీడీ తీశాడు, వెలిగించలేదు.

"రెండుసార్లు వచ్చె గదరా అది," అన్నాడు మెల్లగా. "నేనేమో నీళ్ళు తాగి లేచినా."

జేబులో వేసుకొచ్చిన ఆయన ఫోను చేతికి ఇచ్చాను. అందులో మిస్డ్ కాల్ ఒకటి నాదే.

ఆ రెండింటినీ అత్త ఇచ్చిన టిఫిన్ సంచిలో పాత తువ్వాలు చుట్టి పెట్టుకుని, నలభై దాటకుండా తిరిగి వచ్చాను. శిరివెళ్ళ మెట్ట దగ్గర ఆపి చూశాను, కదులుతున్నాయి. ఆ తర్వాత మూడు చోట్ల ఆపాను. ఆరూ పదికి ఇల్లు చేరాను. అవి పాలు తాగి ఐదు గంటలకు పైనే.

"మనుషుల వాసన తగిల్తే తల్లి దగ్గరికి రానీదంటారు," అంది అమ్మ. నా భయమూ అదే. రాతిపొడి, బీడీ, అత్త చేతులు, నా చెమట, అన్నీ వాటి మీద ఉన్నాయి. మెట్ల కింద తువ్వాలు పరిచి రెండింటినీ పెట్టి దూరంగా జరిగాం. పిల్లి వచ్చింది. మొదటిదాన్ని వాసన చూసి వెనక్కి తగ్గింది. బుస్సుమంది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, సరిగ్గా గీతలు పడిన చోట. పిల్లి మళ్ళీ ముందుకు వచ్చింది. ముక్కు మీద పొడిని నాకింది. ఆగింది. మళ్ళీ నాకింది. తర్వాత పడుకుంది. మూడోది అప్పటికే పాకుతూ వచ్చేసింది.

అమ్మ పోయి చీపురు తీసి మూలలో పెట్టింది.

మరుసటి ఉదయానికి మెట్ల కింద ఏమీ లేదు. వెతికితే అటక మీద పాత బొంతలో మూడూ ఉన్నాయి. నోట్‌బుక్‌లో లారీని నాలుగో ఇల్లుగా, అటకను ఐదో ఇల్లుగా రాశాను.

ఆ రోజు నుంచి చుట్టాలు బయలుదేరేటప్పుడు పిల్లిని మేము వెతకడం లేదు. బాత్‌రూము బయటి గొళ్ళెం నేనే విప్పి తీసేశాను. గాజు గ్లాసులకు బదులు రోజూ వాడే స్టీలు గ్లాసుల్లోనే నీళ్ళు ఇస్తాం. అమ్మకు ఇప్పటికీ భయమే. వాళ్ళు గడప దాటేదాకా పెరటి వైపు చూస్తూనే ఉంటుంది. పిల్లలు పెద్దవయ్యాయి, రెండింటిని వీధిలో వాళ్ళు తీసుకున్నారు, ఒకటి మా దగ్గరే ఉంది, మామ వస్తే ఆయన ఒళ్ళో ఎక్కుతుంది. తల్లి రాదు. మామ ప్రతిసారీ, "యాడ రా అది, ఒకపారి పిల్చు," అంటాడు. పిలుస్తాను. రాదు.

మూడున్నరేళ్ళలో మా ఇంటికి చుట్టాలు వచ్చింది డెబ్బై ఒక్క సారి. పిల్లి వాళ్ళ ఎదుటికి వచ్చింది రెండుసార్లు, రెండూ ఆ ఆదివారమే.